రెండు కుందేళ్లకు తక్కువ ఖర్చులో వసతి: చెక్క గూడు కొనాలా, కంచె వేయాలా?

ప్రశ్న

నమస్కారం. వచ్చే నెల మా ఇంటికి రెండు కుందేళ్లు రాబోతున్నాయి. తెలిసినవారు ఒకరు ఇల్లు మారుతూ, వెంట తీసుకువెళ్లే వీలు లేక వాటిని మాకు అప్పగిస్తామన్నారు. రెండూ ఒకే ఈతలో పుట్టినవని, వయసు నాలుగు నెలలని, రెండూ ఆడవేనని చెప్పారు. మా అమ్మాయి అప్పుడే పేర్లు కూడా పెట్టేసింది కనుక వద్దనే మాట ఇక లేదు. మేము ఇంతవరకు ఏ జంతువునూ పెంచినవాళ్లం కాము.

చిక్కంతా వసతి దగ్గర వచ్చింది. దుకాణంలో ఒక చెక్క గూడు చూశాము. రెండంతస్తులు, నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, పైకి ఎక్కడానికి ఒక ఏటవాలు పలక, పెంటికలు ఎత్తిపోయడానికి అడుగున లాగుడు పళ్లెం. చూడడానికి ముచ్చటగా ఉంది, రెండు కుందేళ్లకు సరిపోతుందని దాని మీదే రాసి ఉంది. అయితే మేము ఈ పనికి పక్కన పెట్టుకున్న డబ్బులో ముప్పాతిక వంతు ఆ ఒక్క గూటికే పోతుంది. దానికన్నా తక్కువలో, వాటికి ఇబ్బంది లేకుండా చేయగల ఏర్పాటు ఏదైనా ఉందా? మాది అద్దె ఇల్లు, గోడలకు మేకులు కొట్టే వీలు లేదు. ముందుగదిలో ఒక మూల ఖాళీగా ఉంది. ఒకవైపు గోడ 11 అడుగులు, రెండో వైపు 7 అడుగుల తరువాత తలుపు వస్తుంది. అవి వచ్చేలోపు ఇంకేమేమి సిద్ధం చేసుకోవాలో, డబ్బు ఎక్కడ మిగుల్చుకోవచ్చో, ఎక్కడ మిగుల్చుకోకూడదో అనుభవం ఉన్నవారు చెప్పగలరని మనవి.

మొదటి జవాబు

నమస్కారమండీ. గూడు కొనకముందే అడగడం మంచిదైంది. దాని మీద రాసిన మాటను పక్కన పెట్టి కొలతలు చూడండి. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు అంటే కింది అంతస్తు 8 చదరపు అడుగులు. పై అంతస్తు కూడా అంతే అనుకున్నా, పలక ఎక్కివచ్చే సందు పోగా మిగిలేది ఇంకా తక్కువ. పైగా రెండు అంతస్తుల వైశాల్యాన్ని కూడినంత మాత్రాన పరుగెత్తే పొడవు పెరగదు. కుందేలు ఎటు తిరిగినా నాలుగడుగుల దగ్గర చెక్క అడ్డం వస్తుంది. వెనుక కాళ్ల మీద లేచి నిలబడి, చెవులు నిక్కించి చుట్టూ చూడడం వాటికి పుట్టుకతో వచ్చిన అలవాటు, అంతస్తుల మధ్య ఉండే ఎత్తు దానికి చాలదు. బ్రిటన్‌లోని రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ అండ్ ఫండ్ అనే సంస్థ, ఒక జంటకు కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు ఉన్న చోటు ఒక్కటిగా, అడ్డులేకుండా, రాత్రింబగళ్లు అందుబాటులో ఉండాలని చెబుతుంది. అడుగుల్లో అది సుమారు 10కి 6. రాత్రింబగళ్లు అన్న మాట ఊరికే చేర్చింది కాదు. కుందేళ్లు హుషారుగా ఉండేది తెల్లవారుజామున, సందె వేళ. పగలు కాసేపు బయటికి వదులుతాం కదా అనుకుంటే, సరిగ్గా అవి నిద్రపోయే వేళకు మనం తలుపు తీసినట్లు అవుతుంది.

10కి 6 అనగానే గుండె జారిపోనవసరం లేదు. మీరు రాసిన మూల కొలతలు చూసిన తరువాతే ఈ జవాబు రాయాలనిపించింది. కుక్కపిల్లల కోసం అమ్మే మడత కంచెలు ఉంటాయి: ఒక్కొక్కటి 2 అడుగుల వెడల్పు ఉన్న ఇనుప చట్రాలు ఎనిమిదింటిని గొలుసులా కలిపినవి. చాలామంది దానిని గది నడుమ చతురస్రంగా నిలబెడతారు. అప్పుడు భుజానికి రెండు చట్రాలు, అంటే 4 అడుగులు. లోపలి చోటు 16 చదరపు అడుగులు. అదే కంచెను రెండు గోడలు కలిసే మూలలో పెట్టండి. రెండు భుజాలకు గోడలే సరిపోతాయి కనుక, ఒకవైపు ఐదు చట్రాలు, మరోవైపు మూడు చట్రాలు వస్తాయి. 10 అడుగులకు 6 అడుగులు, 60 చదరపు అడుగులు! కంచె అదే, చోటు దాదాపు నాలుగింతలు. మీ గోడలు 11, 7 అడుగులు కనుక ఇరుక్కోకుండా సరిపోతుంది. ఇటువంటి కంచె సాధారణంగా మంచి చెక్క గూటి వెలలో కొంత భాగానికే దొరుకుతుంది. ఒకరు వాడినది దొరికినా తీసుకోవచ్చు, ఇనుము కనుక కడిగి ఎండబెడితే చాలు. వాడిన చెక్క గూడు మాత్రం వద్దు. మూత్రం చెక్కలోకి ఇంకిపోయి ఎంత కడిగినా పోదు, అంతకుముందు అందులో ఉన్న జంతువుకు ఏ జబ్బు ఉండేదో కూడా మనకు తెలియదు.

కంచె ఎత్తు 3 అడుగులకు తగ్గకుండా చూసుకోండి. రెండడుగుల కంచెను నాలుగు నెలల కుందేలు మొదటి రోజు చూసి ఊరుకుంటుంది, రెండో రోజు దూకుతుంది. నిలువు చువ్వల మధ్య సందు ఎక్కువగా ఉంటే, తల దూరిన చోట ఒళ్లు కూడా దూరుతుందని గుర్తుంచుకుని, అడుగున ఒక అడుగు ఎత్తు వరకు చిన్న గళ్ల వెల్డెడ్ మెష్, అంటే తీగలను అతికించి చేసిన గట్టి ఇనుప వల, కట్టండి. కోళ్ల దడికి వాడే సన్న తీగ వల పనికిరాదు, దానిని కొరికి తెంపగలవు. అడుగు భాగం తీగలతో అల్లిన పంజరాలు కూడా మీకు చవకగా కనిపిస్తాయి. కుక్కకు, పిల్లికి ఉన్నట్లు కుందేలు అరికాలికి మెత్తటి దిండు ఉండదు, వెంట్రుకలే ఉంటాయి. తీగ మీద నిలబడి నిలబడి అక్కడ పుండ్లు పడతాయి, అవి ఒక పట్టాన మానవు.

నున్నటి నేల మీద వాటి కాళ్లు జారతాయి కనుక, పొట్టి నూలు ఉన్న పాత తివాచీ పరచండి. ముక్కలు ముక్కలుగా కలిపే స్పాంజి చాపలు వద్దు, తిని పేగుల్లో అడ్డం పడే ప్రమాదం ఉంది. దాక్కోవడానికి అట్టపెట్టె చాలు, అంటించిన టేపు, ఇనుప పిన్నులు తీసేసి ఎదురెదురుగా రెండు కన్నాలు కోయండి. ఒక్క కన్నమే ఉంటే, తరుముకొచ్చిన కుందేలు వాకిట్లో కూర్చుని లోపలిదానిని బందీ చేస్తుంది. అట్ట కొరికేస్తే మరో పెట్టె పెట్టవచ్చు; నేను కొన్న ప్లాస్టిక్ ఇల్లు అటకెక్కింది, మా కుందేళ్లు మాత్రం ఐదేళ్లుగా అట్టపెట్టెల్లోనే కాపురం ఉంటున్నాయి.

రెండో జవాబు

కంచె లెక్క చక్కగా ఉంది. కానీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టింది వసతి కాదు, "రెండూ ఆడవేనని చెప్పారు" అన్న వాక్యం. మాకూ అలాగే చెప్పారు. ఇచ్చినవారు అబద్ధమాడారని అనను, పసి కుందేళ్లలో ఆడ మగ తేడా పోల్చుకోవడం అలవాటు లేనివారికి కష్టమే. ఒక ఉదయం గడ్డి వేద్దామని వెళితే, పెట్టె మూలలో గడ్డి మీద బొచ్చు కుప్పగా ఉంది, ఆ బొచ్చు కదులుతోంది. తల్లి తన పొట్ట మీది బొచ్చు పీకి పరిచిన ఆ గూటిలో ఆరు పిల్లలు, కళ్లు తెరవనివి, ఒంటి మీద నూగు కూడా లేనివి. కుందేలు గర్భం సుమారు 31 రోజులే. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. మేము మగదానిని వేరు చేసేసరికే రెండో చూలు నిలిచింది.

కాబట్టి అవి ఇంట్లో అడుగుపెట్టే ముందే, లేదా అదే రోజు, కుందేళ్లను చూసే అనుభవం ఉన్న పశువైద్యునికి చూపించండి. మగవాటికి వృషణాలు మూడు నెలల వయసుకు దాదాపుగా దిగిపోతాయి కనుక, నాలుగు నెలల వయసులో వైద్యుడు ఇట్టే చెప్పగలరు. చిన్న జాతులు ఆ వయసుకే ఎదకు వస్తాయి. తోబుట్టువులన్న పట్టింపు వాటికి ఉండదు.

రెండూ ఆడవే అయినా సంతానం కలగకుండా చేసే శస్త్రచికిత్స తప్పించుకోదగినది కాదు. ఈడు వచ్చిన తరువాత ఆడ కుందేళ్లు రెండు చోటు కోసం రక్తం కారేలా పోట్లాడుకోవడం మామూలే. అదీగాక శస్త్రచికిత్స జరగని ఆడ కుందేళ్లలో వయసు పెరిగేకొద్దీ గర్భాశయ క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది. మీ ఖర్చులో అన్నిటికన్నా పెద్దది ఇదే అవుతుంది, గూటి దగ్గర మిగిలిన డబ్బును దీనికి తీసి ఉంచండి. ముందుగా రెండు మూడు చోట్ల అడిగి, ఎంత అవుతుందో తెలుసుకోండి. అడిగేటప్పుడు ఒక చిన్న పరీక్ష కూడా పెట్టవచ్చు: ముందురోజు రాత్రి నుంచి మేత ఆపాలా అని అడగండి. కుందేలు వాంతి చేసుకోలేదు కనుక కుక్కలకు, పిల్లులకు లాగా కడుపు ఖాళీగా ఉంచవలసిన పని లేదు, పైగా మేత ఆగితే దాని పేగులు కదలడం మానేస్తాయి. ఆపమన్నవారు కుందేళ్లకు పెద్దగా శస్త్రచికిత్సలు చేసి ఉండరు.

అత్యవసరానికి కూడా కొంత డబ్బు ఉండాలి. కుందేలు 12 గంటల పాటు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా, రేపు చూద్దాంలే అనుకోకూడదు. ఇంట్లో ఉన్న మందులు వేయడం అసలే వద్దు. పెన్సిలిన్ కోవకు చెందిన మందులు నోటి ద్వారా ఇస్తే పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి ప్రాణం మీదికి వస్తుంది. కుక్కల గోమార్లకు వాడే ఫిప్రోనిల్ కుందేలుకు విషం.

మూడో జవాబు

మొదటి జవాబు ఇచ్చినవారితో ఒక్క విషయంలో పేచీ ఉంది. 60 చదరపు అడుగుల లెక్క కాగితం మీద సరైనదే. కానీ కంచె రెండు కొసలూ గోడకు ఆనుకుని ఉంటాయి తప్ప గోడను పట్టుకుని ఉండవు. మా ఇంట్లో మూడో నాటి రాత్రి ఆ కొసను ముక్కుతో తోసి తోసి, అరచేయి పట్టేంత సందు చేసుకుని, రెండూ వంటగదిలోకి వచ్చాయి. ఫ్రిజ్ తీగ నిలువునా కొరికి ఉంది. విద్యుత్తు తగలకపోవడం మా అదృష్టం. మేకులు కొట్టరాదంటే, చివరి చట్రాన్ని మడిచి గోడ వెంట పెట్టి దాని ముందు బరువు ఉంచాలి. అలా రెండు కొసల్లో రెండు చట్రాలు పోతే మిగిలేది ఆరు, అంటే 6కి 6, 36 చదరపు అడుగులే. అందువల్ల ఒక చట్రం కూడా వృథా చేయకుండా, ఒక కొస దగ్గర పుస్తకాల అలమర వంటి కదలని వస్తువును గోడకు ఆనించి, దాని కాలికి చట్రాన్ని కేబుల్ టైలతో రెండు చోట్ల బిగించండి. టైల తోకలు బయటివైపు ఉండేలా చూసి మొదలంటా కత్తిరించండి. రెండో కొస మనం లోపలికి వెళ్లే ద్వారం అవుతుంది కనుక అక్కడ కూడా ఒక బరువైన వస్తువు, దానికి ఒక కొక్కెం కావాలి. కంచె చుట్టూ మూడడుగుల మేర విద్యుత్ తీగ ఒక్కటి కూడా ఉండకూడదు. తీయలేని వాటికి గట్టి ప్లాస్టిక్ గొట్టం తొడగండి. గోడ అంచులు కొరికితే ఇంటి యజమానికి సమాధానం చెప్పవలసింది మీరే, మిగిలిపోయిన నేల పలకలు గోడ పొడవునా వరుసగా నిలబెట్టండి.

గడ్డి దగ్గర మాత్రం పొదుపు చేయకండి. వాటి మేతలో దాదాపు 85 శాతం ఎండుగడ్డే ఉండాలి. గింజ రాల్చిన తరువాత మిగిలే గడ్డి వేరు, పచ్చిగా ఉండగా కోసి ఆరబెట్టిన మేత గడ్డి వేరు. వాటికి కావలసింది రెండోది, తిమోతి అనే గడ్డి వంటిది. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందుపళ్లయితే వారానికి 2 మిల్లీమీటర్లకు పైగానే. గంటల తరబడి గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. గుళికల దాణా రోజుకు కిలో బరువుకు 25 గ్రాములు దాటనవసరం లేదు. గడ్డిని చిన్న పొట్లాల్లో కాకుండా పెద్ద మూటగా కొని, గాలి ఆడే గుడ్డ సంచిలో, తడి తగలని చోట ఉంచుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. సువాసన ఉంటే మంచి గడ్డి, ముక్క వాసన వస్తే పారేయండి.

లిట్టర్ ట్రేగా, అంటే అవి మలమూత్రాలు విసర్జించే తొట్టిగా, బట్టలు పెట్టుకునే ప్లాస్టిక్ పెట్టె ఒకటి తీసుకుని ఒక పక్క అంచు కోస్తే సరి, రెండూ ఒకేసారి కూర్చునేంత పెద్దది కావాలి. అడుగున కాగితపు గుళికలు, పైన గడ్డి. తింటూనే విసర్జించడం వాటి పద్ధతి కనుక గడ్డి ఉన్న చోటికే అలవాటు పడతాయి. నీరు తగిలితే గడ్డకట్టే పిల్లుల మట్టి, దేవదారు పొట్టు రెండూ వద్దు. అంచున పట్టే తెల్లటి సున్నపు పొర వెనిగర్‌తో పోతుంది. నీళ్లకు సీసా కన్నా బరువైన పింగాణీ గిన్నె మేలు.

ప్రశ్న అడిగినవారు మళ్లీ

అందరికీ కృతజ్ఞతలు. గూడు ఆలోచన మానేశాము. ఎనిమిది చట్రాల కంచె, వాడినది, దొరికింది. నిన్న కుందేళ్లను వైద్యునికి చూపిస్తే, రెండో జవాబు ఇచ్చినవారు భయపడినట్లే అయింది: అందులో ఒకటి మగది. ఆడదానికి ఇప్పుడు చూలు ఉన్నట్లు చేతికి తగలడం లేదని, అయినా నెల రోజులు కనిపెట్టి ఉండమని చెప్పారు. మగదానికి వచ్చే వారం శస్త్రచికిత్స. అప్పటిదాకా, ఆ తరువాత కూడా కొన్నాళ్లు, వేరుగా ఉంచాలన్నారు. ఒక్క కంచెతో రెండింటినీ వేరుగా ఉంచడం ఎలా? ఇంకో కంచె కొనక తప్పదా?

రెండో జవాబు ఇచ్చినవారు

మగదానికి శస్త్రచికిత్స జరిగిన తరువాత కూడా ఆరు వారాల వరకు సంతానం కలిగించే శక్తి ఉండవచ్చు కనుక, ఆ ఆరు వారాలూ ఒక్క నిమిషమైనా కలవనివ్వకండి. కానీ పూర్తిగా కనుమరుగు చేయకూడదు, చేస్తే ఒకదాన్ని ఒకటి పరాయిదిగా చూస్తుంది. పక్కపక్కనే ఉంటూ చూసుకోవాలి, వాసన తెలియాలి.

ఇంకో పెద్ద కంచె అక్కరలేదు. 10 అడుగుల చోటును ఐదేసి అడుగులుగా విడదీయడానికి, 6 అడుగుల పొడవైన అడ్డుతెరలు రెండు కావాలి. రెండు ఎందుకంటే, ఒక్క వల అడ్డం పెడితే దాని సందుల్లోంచి ముక్కులు, పాదాలు కొరుక్కుంటాయి. రెండు తెరల నడుమ జానెడు ఎడం ఉంచాలి. చెక్క పట్టీలతో చట్రం చేసి, కంచె అడుగున కట్టమని చెప్పిన రకం వెల్డెడ్ మెష్‌నే మూడడుగుల ఎత్తున బిగించండి. ఆ తరువాత అదే మెష్ విప్పి కంచె అడుగున వాడుకోవచ్చు. రెండు మూడు రోజులకొకసారి లిట్టర్ ట్రేలను అటుదిటు మార్చండి, వాసన మరపు రాకుండా ఉంటుంది. ఆడదానికి ఇచ్చిన సగంలో ఒక పెట్టె, నిండా గడ్డి ఉంచండి. అది నోటి నిండా గడ్డి కరుచుకుని పెట్టెలోకి తిరగడం మొదలుపెడితే, పిల్లల కోసం గూడు కడుతోందేమో, నాకు కబురు పెట్టండి.

మొదటి జవాబు ఇచ్చినవారు

కంచె కొసల విషయంలో మూడో జవాబు ఇచ్చినవారి మాటే సరైనది. మా ఇంట్లో గోడకు కొక్కేలు ఉన్నందున నాకు ఆ ఇబ్బంది తోచలేదు. మీ ఏర్పాటుకు ఒక్క సవరణ: తలుపు ఉన్న వైపు మీకు ఒక అడుగే మిగులుతుంది కనుక, మగదానిని తలుపుకు దూరంగా ఉన్న సగంలో ఉంచండి. శస్త్రచికిత్స అయిన రోజుల్లో వచ్చేపోయేవారి అలికిడి దానికి ఎంత తక్కువైతే అంత మంచిది. ఇంటికి తెచ్చిన మొదటి గంటలోనే చేతికి అందేలా గడ్డి పెట్టి, రాత్రికి ఎన్ని పెంటికలు వేసిందో లెక్కపెట్టండి. మీ అమ్మాయికి ఆ పని అప్పగిస్తే ఒక్కటి కూడా తప్పకుండా లెక్కపెడుతుంది.